తెల్లవారుజామున దీపం ఎవరు వెలిగిస్తున్నారు?

గణాంక శాస్త్రంలో ప్రపంచం మెచ్చిన సి.ఆర్.రావు తన పుస్తకం ఒకదాన్ని తల్లి లక్ష్మీకాంతమ్మకు అంకితమిచ్చారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి ఆమె తనను లేపి, చదువుకోవడానికి నూనె దీపం వెలిగించి పెట్టేదని అందులో రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చదివి, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్న మనిషి ఆయన. మనవాడని చెప్పుకుని మురిసిపోతాం. దీపం సంగతి మాత్రం సన్మాన సభల్లో తీపి జ్ఞాపకంలా చెప్పి వదిలేస్తాం. నా దృష్టిలో అది జ్ఞాపకం కాదు, లెక్క. ఒకరు నాలుగింటికి కూర్చుని ఆలోచించాలంటే ఆ ఇంట్లో ఇంకొకరు అంతకంటే ముందు లేవాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్నత చదువు గురించి ఎవరు మాట్లాడినా పోస్టుల దగ్గరే ఆగిపోతారు. 2008లో ఎచ్చెర్లకు అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చింది. విజయనగరానికి 2019లో గిరిజన విశ్వవిద్యాలయం, 2022లో జేఎన్‌టీయూ గురజాడ వచ్చాయి. 2023లో రాష్ట్రమంతటా 3,220 అధ్యాపక పోస్టులకు నోటిఫికేషన్లు, ఆ వెనకే కోర్టు కేసులు. ఈ కథ పాఠకులకు కంఠతా వచ్చు. ఖాళీలు నింపాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు తర్వాతి 15 ఏళ్లు ఎలా నెట్టుకొస్తారన్నది ఎవరికీ పట్టదు. నేను గణితం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. అందుకే గణితం గురించే చెబుతాను.

15 ఏళ్లని ఊరికే అనలేదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీతో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే మొదటి మెట్టుకు నాలుగేళ్లు, రెండో మెట్టుకు ఐదు, అసోసియేట్ కావడానికి మూడు, ప్రొఫెసర్ కావడానికి ఇంకో మూడు. ఎక్కడా ఆగకపోతేనే 15. మన దగ్గర ఎమ్మెస్సీ, నెట్, పీహెచ్‌డీ అన్నీ ముగించి ఉద్యోగంలో కుదురుకునేసరికి 30 దాటుతుంది. అంటే 30 నుంచి 45 వరకు. అదే కాలంలో ఇంట్లో ఏమేం జరుగుతాయో పక్కన రాసి చూడండి. పెళ్లి, కాన్పు, మళ్లీ కాన్పు, పిల్లల బడి, మామగారి ఆపరేషన్, చెల్లి పెళ్లి, అమ్మ మోకాళ్లు, పెద్దాడి టెన్త్. రెండూ ఒకే ఏళ్ల మీద వచ్చి పడతాయి. ప్రొఫెసర్ కావాలంటే పది పరిశోధనా పత్రాలు, 110 రీసెర్చ్ స్కోరు కావాలి. వాటిని రాయాల్సిందీ ఆ ఏళ్లలోనే.

ఆ స్కోరు లెక్క కూడా గణితానికి కుదిరేది కాదు. సైన్సు కింద కాబట్టి పేపరుకు 8 పాయింట్లు, పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (అందులోని పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్క) బట్టి అదనం. గణితంలో మంచి పేరున్న పత్రికల్లో చాలావాటి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది. ఇద్దరు కలిసి రాస్తే చెరో 70 శాతమే దక్కుతుంది. పంపిన పేపరుకు, దాన్ని పరిశీలించే రెఫరీ జవాబు ఏడాది దాకా రాకపోవడం ఈ రంగంలో మామూలు విషయం. పిల్లాడు కడుపులో ఉండగా పంపిన పేపరు వాడికి నడక వచ్చాక తిరిగి వస్తుంది, నాలుగో పేజీలో రుజువు సరిచేయమని.

ఇక అసలు మాటకు వస్తాను. గణితం వాళ్లు జీవితమంతా వినే మాట ఒకటుంది: 'మీకు ల్యాబ్ లేదు కదా, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు కదా!' ఇంట్లో పెద్దవాళ్లూ అంటారు, ప్రిన్సిపాల్ కూడా అంటాడు. ఇంతకంటే నష్టం చేసిన మాట నాకు తెలియదు. కెమిస్ట్రీ మేడం సాయంత్రం ఏడింటిదాకా ల్యాబ్‌లో ఉండిపోతే 'ప్రయోగం నడుస్తోంది' అంటే ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది. గణితం మేడం కిటికీ వైపు చూస్తూ కూర్చుంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఖాళీగా ఉన్న ఆడమనిషిని ఏ ఇల్లూ అలా ఉండనివ్వదు. 'కాస్త పప్పు దించమ్మా' అంటారు. పప్పు దించడానికి రెండు నిమిషాలే. కానీ ఒక లెమ్మా (పెద్ద రుజువుకు మెట్టులా పనికొచ్చే చిన్న ఫలితం) తేలాలంటే నాలుగైదు విషయాల్ని ఒకేసారి మనసులో నిలబెట్టుకోవాలి. వాటిలో ఒకటి జారితే మళ్లీ మొదటి నుంచి రావాలి. పోయింది రెండు నిమిషాలు కాదు, ఆ పూటంతా. ఆగిన ప్రయోగం కళ్లకు కనిపిస్తుంది. ఆగిన ఆలోచన ఎవరికీ కనిపించదు, కొన్నాళ్లకు ఆ మనిషికి కూడా.

అంటే ల్యాబ్ లేకపోవడం గణితానికి సౌకర్యం కాదు. ల్యాబ్ ఉన్నవాళ్లకు గది, తలుపు, తాళం ఉన్నాయి, ఆ తలుపు వెనక కొన్ని గంటల మీద హక్కు ఉంది. ఇవేవీ లేని ఒకే ఒక్క సైన్సు మాది.

ఎమ్మెస్సీ గణితం చదివిన ప్రతి ఒక్కరికీ రూడిన్ పేరు తెలుసు. రియల్ అనాలిసిస్ అనగానే ఆయన పాఠ్యపుస్తకమే. ఆయన భార్య మేరీ ఎలెన్ రూడిన్ టోపాలజీ అనే గణితశాఖలో ఎంతటి మనిషో మన క్లాసుల్లో చెప్పేవాళ్లు తక్కువ. నలుగురు పిల్లల తల్లి. ఇంట్లో సోఫాలో కూర్చుని, చుట్టూ పిల్లలు ఆడుకుంటుంటే గణితం చేసేది. 'చూశారా, మనసుంటే మార్గం ఉంటుంది' అని మన సెమినార్లలో ఈ సంగతి చెబుతుంటారు. దాన్ని తలకిందులుగా చదువుతున్నారు. ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి నమ్మకమైన మనిషి ఒకామె ఉండేది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మేరీ ఎలెన్ 1959 నుంచి లెక్చరర్‌గానే ఉండిపోయింది. 1971లో అదే విశ్వవిద్యాలయం మధ్య మెట్లేవీ లేకుండా ఆమెను నేరుగా ఫుల్ ప్రొఫెసర్‌ను చేసింది. పన్నెండేళ్లు పక్కన పెట్టడం అన్యాయం, ఆ మాట అనాల్సిందే. కానీ చివరకు ఏళ్లు లెక్కపెట్టకుండా పనిని చూసి పీట వేశారు. మన పదోన్నతి నిబంధనల్లో అలా మెట్లు దాటించే వీలే లేదు. ఇక్కడైతే ఆమె మొదటి మెట్టు దగ్గరే రిటైరయ్యేది.

మన దేశంలోనే గణితవేత్త మంగళా నార్లీకర్ కథ ఉంది. పెళ్లయిన 16 ఏళ్లకు, 1981లో సంఖ్యా సిద్ధాంతంలో (నంబర్ థియరీ) పీహెచ్‌డీ అందుకున్నారు. ఆ 16 ఏళ్లను మన దరఖాస్తు ఫారాల్లో ఏ కాలమ్‌లో రాయాలి?

నా ఇంటి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇది పరుల కథలా ఉంటుంది. నా భార్యా నేనూ ఎమ్మెస్సీ క్లాస్‌మేట్లం. ఆల్జీబ్రాలో ఆమెవే ఎక్కువ మార్కులు. ఇద్దరం పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యాం. మా పాప పుట్టిన ఏడాది ఆమె గైడ్‌కు ఉత్తరం రాసి మానేసింది. నేను పూర్తి చేశాను. నా థీసిస్ కృతజ్ఞతల పేజీలో ఆమెకు ఒక వాక్యం రాసి బాధ్యత తీరిందనుకున్నాను. ఆమె టోపాలజీ నోట్సు పట్టుకునే నేను పాతికేళ్లు పాఠం చెప్పాను. మొదటి అరవై పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలతో రుజువులు, చివరి పేజీల్లో పాల లెక్క, పాప టీకాల తేదీలు. ఆ నోట్సు ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. మేం పనిచేసిన చోట్ల ఒక్కచోట కూడా పసిపిల్లల్ని ఉంచే గది లేదు. ఉండాలని అడగొచ్చని కూడా మాకు తోచలేదు.

కొత్త నిబంధనలతో మేలు జరుగుతుందని కొందరి ఆశ. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా చూశాను. పాయింట్ల పద్ధతి స్థానంలో తొమ్మిది రకాల విశిష్ట కృషి అని పెట్టి, కనీసం నాలుగింటిలో చూపించాలన్నారు. ల్యాబ్ అభివృద్ధి, నిధులు తెచ్చే ప్రాజెక్టులు, స్టార్టప్ అందులో ఉన్నాయి. టోపాలజీ చెప్పే మేడం ఏ స్టార్టప్ పెట్టాలి? భారతీయ భాషల్లో బోధన అన్న అంశం మాత్రం నాకు నచ్చింది. మందస నుంచో సీతంపేట నుంచో వచ్చిన పిల్లకు లిమిట్‌కిచ్చే ఎప్సిలాన్-డెల్టా నిర్వచనం తెలుగులో విప్పి చెప్పడం మా ప్రాంతంలో రోజూ జరిగే పని. ఇన్నాళ్లకు దానికి విలువ కడతామన్నారు. కానీ ఆ తొమ్మిదిలో ఎక్కడా కాలం గురించి ఒక్క మాట లేదు.

సెలవులు ఇస్తున్నాం కదా అని అటువైపు వాదన. నిజమే. కేంద్ర ఉద్యోగినులకు 730 రోజులు, రాష్ట్ర ఉద్యోగినులకు 180 రోజులు పిల్లల సంరక్షణ సెలవు ఉంది. 2022 పీహెచ్‌డీ నిబంధనలు మహిళలకు రెండేళ్ల అదనపు గడువు, 240 రోజుల సెలవు ఇస్తున్నాయి. ప్రసూతి, సంరక్షణ సెలవు కాలాన్ని గ్రేడింగ్ నుంచి తీసేయాలని 2018 నిబంధనల్లోనే ఉంది. కాదనను. కానీ పది పేపర్లు పదిగానే ఉన్నాయి, 110 కూడా 110గానే ఉంది. పైగా సెలవంటే ఇంటి పనికిచ్చిన కాలం, ఆలోచనకిచ్చిన కాలం కాదు. సెలవులో ఉన్న తల్లికి ఒక రుజువు మీద కూర్చునే మూడు గంటలు ఎవరిచ్చారు?

ఇక్కడి నుంచి నేను చాలాకాలంగా చెబుతున్న విషయానికి వస్తాను. ఇది ఒక్క ఆడవాళ్ల సమస్య కాదు, ఒక్క గణితం సమస్య కూడా కాదు. మా ఊళ్ల సమస్య. పొద్దున్నే విశాఖ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం నాన్‌స్టాప్ ఎక్కి చూడండి. ఒడిలో లంచ్ బాక్స్, చేతిలో జవాబు పత్రాల కట్ట పెట్టుకుని ఎంతమంది మాస్టార్లు, మేడమ్‌లు కనిపిస్తారో! విజయనగరం వెళ్లేవాళ్లు రైల్లో ఉంటారు. పిల్లల చదువు కోసం కుటుంబం విశాఖలో ఉంటుంది. శ్రీకాకుళం వైపైతే ఉద్యోగం వంద కిలోమీటర్ల అవతల. రానూ పోనూ రోజుకు నాలుగు గంటలు. ఏడాదికి 200 పనిదినాలు వేసుకున్నా 800 గంటలు. 15 ఏళ్లకు 12,000 గంటలు. గణితం చేసేవాళ్లకు ఈ అంకె చాలు, ఎన్ని పేపర్లు జాతీయ రహదారి మీద రాలిపోయాయో తెలుస్తుంది.

తప్పు ఆ మాస్టార్లది కాదు. మంచి బడి, పిల్లల డాక్టరు, సాయంత్రం కాసేపు కూర్చునే లైబ్రరీ ఉన్న ఊరిని ఎవరైనా కోరుకుంటారు. పలాస, టెక్కలి, పాలకొండ నుంచి వలస పోయే కూలీల గురించి మనం ఎన్నో రాశాం, రాయాలి కూడా. కానీ చదువు చెప్పేవాళ్లు కూడా రోజూ సాయంత్రం నాలుగింటికి వలస పోతున్నారు. దాని నష్టం ఇంకోలా ఉంటుంది. గణితంలో సగం క్లాసు అయ్యాకే జరుగుతుంది. పిల్లలు తలుపు దగ్గర నిలబడి 'సార్, ఇందాక ఆ స్టెప్పు...' అని అడుగుతారు, మాస్టారు బల్ల మీద ఉన్న కాగితం తిప్పి వెనకవైపు రాసి చూపిస్తారు. ఆ సమయానికి మాస్టారు బస్సు కోసం రోడ్డు మీద ఉంటే, ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటిన ఆ పిల్ల ఎవరిని అడుగుతుంది? సందేహం హాస్టల్‌కు తీసుకెళ్లి, రెండో సెమిస్టర్‌కు గణితమే తనకు రాదనుకుంటుంది. అట్లా వదిలేసిన పిల్లల్ని నేను చూశాను.

ఇంట్లో ఆలోచనకు కాలం దొరకకపోవడం, మాస్టార్లు రోజూ ఊరు దాటిపోవడం, ఈ రెండు సమస్యలకూ మందు ఒకటే. క్యాంపస్‌లో క్వార్టర్స్ కట్టి, పక్కనే బడి పెట్టి, పసిపిల్లలకు క్రెష్ నడిపితే ప్రొఫెసర్ కుటుంబం ఇక్కడే ఉంటుంది. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణే చెప్పింది. విశ్వవిద్యాలయం తనంతట తానే ముందుకు రావాల్సిన పని ఇది. గణితానికి కోట్ల పరికరాలు అక్కర్లేదు, ఎచ్చెర్లలో ఉన్నా పారిస్‌లో ఉన్నా అదే కాగితం, అదే కలం. ప్రపంచంతో సమానంగా నిలబడగల సైన్సు ఏదైనా మా జిల్లాల్లో ఉందంటే అది గణితమే. దానికి కావాల్సిందల్లా తలుపున్న ఒక గది, ఎవరూ పిలవని మూడు గంటలు.

క్వార్టర్స్‌కు నిధులు కావాలి, నిబంధనలు మారాలంటే ఢిల్లీ కదలాలి. అంతదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. ఈ జూన్‌లో టైమ్‌టేబుల్ వేసేటప్పుడు హెచ్‌ఓడీలు తమ శాఖలో పసిపిల్లలున్నవాళ్లు ఎవరో, మంచంలో పెద్దవాళ్లున్నది ఎవరింట్లోనో అడగండి. వాళ్ల క్లాసుల్ని వారంలో నాలుగు రోజులకు సర్ది, ఐదో రోజు ఖాళీగా వదలండి. ఆ రోజు గది తలుపు మూసి ఉంటే ఎవరూ తట్టొద్దని అటెండర్‌కు చెప్పండి.