బంతి చివర పన్నెండు

నిన్న పొద్దున ఆరున్నరకి డల్లాస్ నుంచి అక్క వీడియో కాల్. అక్కడ రాత్రి ఎనిమిది. "ఒరేయ్, వీడికి లెక్కల హోంవర్క్‌లో ఏదో డౌటట, కాస్త చూడు" అంది. బావగారు ఇంజినీరే. కానీ ఇంటర్ మ్యాథ్స్ 1బిలో నాకు 75కి 73 వచ్చిన సంగతి అక్క ఇరవై ఏళ్లయినా మర్చిపోలేదు. మర్చిపోనివ్వను కూడా.

లెక్క చిన్నదే. 3ఎక్స్ − 2వై + 12 = 0 ని వాలు-అంతరఖండ రూపంలో రాయాలి. అంటే వై ఒక్కటే ఒక పక్కన మిగలాలి.

"వై ఈక్వల్స్ ఎంఎక్స్ ప్లస్ సి లోకి తెచ్చేద్దాం రా" అన్నాను.

"సి ఎవరు మామయ్యా?"

వాళ్లకి అది బి అట. గీత వై అక్షాన్ని ఎక్కడ కోస్తుందో చెప్పే పాపానికి, దేశానికో పేరు.

చకచకా −2వై = −3ఎక్స్ − 12 దాకా వచ్చేశాం. ఇక −2తో భాగించడమే మిగిలింది.

భాగించడమంటే బంతిలో వడ్డించడమే. కూర్చున్న ప్రతి విస్తరి ముందూ ఆగాలి. నేను 3ఎక్స్ దగ్గర ఆగి, పప్పు వేసి, నెయ్యి వేసి, "3 బై 2 ఎక్స్, ఇంకాస్త వేయించుకోండి" అని మర్యాదలన్నీ చేసి, బకెట్ పట్టుకుని అటు నుంచి అటే వంటింట్లోకి వెళ్లిపోయాను. బంతి చివర 12 విస్తరిలో నీళ్లు చల్లుకుని కూర్చునే ఉంది. మా పెదనాన్నగారమ్మాయి పెళ్లిలో ఇలాగే చివరి విస్తరికి పులిహోర అందక, మగపెళ్లివారి బాబాయి లేచి వెళ్లి కార్లో కూర్చున్నాడు. ఆయన్ని దింపడానికి ముగ్గురు పెద్దమనుషులు, ఒక కొత్త పంచె కావాల్సొచ్చాయి. 12 అంత గొడవ చేయలేదు. ముందున్న మైనస్‌తో మూతి ముడుచుకుని ఊరుకుంది. మేం సబ్మిట్ కొట్టేశాం.

ఎర్ర అక్షరాలు. ఇంకా రెండు ఛాన్సులట.

రెండోసారి 12కి కూడా వడ్డించాను, రెండు మాత్రమే. దాని పక్కనున్న మైనస్ బకెట్‌లోనే ఉండిపోయింది. ఎక్స్ స్థానంలో సున్నా పెట్టి చూసుకుంటే వై 6 అని తేలిపోయేది. చూసుకోలేదు. −6 అని కొట్టాం.

మూడోసారి మాత్రం తప్పు నాది కాదు. వై = 1.5ఎక్స్ + 6. అక్షరాలా కరెక్ట్. దానికీ ఎర్ర అక్షరాలే! దశాంశాలు పనికిరావట, భిన్నంలోనే రాయాలట. ఆ ముక్క ముందు చెప్పి ఏడవొచ్చుగా? మా వీధిలో కూరలమ్మే ఆవిడకి కూడా ఒకటిన్నర కిలో అన్నా, మూడు అరకిలోలన్నా ఒకటే. లక్షలు పోసి కొన్న ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలియదు.

అంతసేపూ వెనక సోఫాలో టీవీ చూస్తున్న బావగారు అప్పుడు నోరు విప్పారు. "ఆ రెండు మార్కులూ ఇక్కడే పోయుంటాయి."

మేనల్లుడు "థాంక్స్ మామయ్యా" అన్నాడు, పాపం.

ఇవాళ పొద్దున కాల్ రాలేదు.