గాజు గిన్నెకు నీరటి ఎవరు?

“ఏం అక్కర్లేదు సార్. మోటరు వద్దు, కరెంటు వద్దు. గ్లాసుల ఏసినా బతుకుతది.”

నల్లగొండలో కొన్నా, మహబూబ్‌నగర్‌లో కొన్నా ఫైటర్ చేపతోపాటు ఈ మాట ఉచితంగా వస్తుంది. పుస్తకాల్లో దాని పేరు బెట్టా. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బాల్లో నీలి రెక్కలు, ఎర్ర రెక్కలు వరుసగా కనిపిస్తే పిల్లలు అక్కణ్నుంచి కదలరు. ఇంటికి తెస్తాం. లీటరున్నర పట్టే గాజు గిన్నెలో వేసి టీవీ పక్కన పెడతాం. నెలకో రెండు నెలలకో అది అడుగున పడి లేవడం మానేస్తుంది. “పాపం, దాని ఆయుష్షు అంతే” అనుకుంటాం. అంతే ఎందుకవుతుంది? సరిగ్గా చూసుకుంటే మామూలుగా రెండు నుంచి నాలుగేళ్లు బతికే చేప అది.

ఫిల్టర్ లేకుండా ఫైటర్‌ను పెంచడం పాపమని నేను అనడం లేదు. ఫిల్టర్ చేయాల్సిన పని ఆ ఇంట్లో ఎవరు చేస్తున్నారని అడుగుతున్నా.

గిన్నె పక్షం వాళ్ల వాదన తెలిసిందే. ఫైటర్ తలలో లాబిరింత్ అనే అవయవం ఉంది, దాంతో పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. థాయ్‌లాండ్ వరి మళ్లలో, చిత్తడి నేలల్లో పుట్టిన జీవికి బోలెడు నీళ్లెందుకు? పైగా పొడుగు రెక్కల చేప కదా, ఫిల్టర్ నీటిని జోరుగా తోస్తే నిలవలేక అలిసిపోతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. దాన్నుంచి గిన్నె దాకా ఎలా వచ్చారన్నదే నాకు అర్థం కాదు.

గాలి మింగే చేప మనకేమైనా కొత్తా? మన రాష్ట్ర చేప కొర్రమీను కూడా అదే బాపతు. ఆదివారం చేపల బజారులో రెండంగుళాల నీళ్లున్న బేసిన్‌లో తోక కొడుతూ బతికే ఉంటుంది. ఆ బేసిన్ చూస్తూ పెరిగాం కాబట్టే గ్లాసు మాట మనకు ఇట్టే ఎక్కుతుంది. కానీ బేసిన్‌లోని కొర్రమీను మధ్యాహ్నం దాకా బతికితే చాలు, ఆ తర్వాత అది పులుసే. ఫైటర్‌ను మాత్రం ఏళ్ల తరబడి ఆ బేసిన్‌లోనే కాపురం ఉండమంటున్నాం.

ఊపిరి సంగతి వేరు, మురికి సంగతి వేరు. పైనుంచి గుటక వేసి తెచ్చుకునేది ఆక్సిజన్. మొప్పల నుంచి వదిలే అమ్మోనియా, తినగా మిగిలి కుళ్లిన గింజల అమ్మోనియా నీళ్లలోనే ఉంటాయి. గులకరాళ్లకు, తొట్టి గోడలకు, స్పాంజికి అంటుకుని బతికే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆపైన పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఫిల్టర్ ముఖ్యంగా ఆ బ్యాక్టీరియాకు మనం కట్టిచ్చిన ఇల్లు. లీటరున్నర గిన్నెలో దానికి చోటెంత? ఉన్న కాస్త చోటునూ వారానికోసారి సబ్బు పెట్టి తళతళా తోమి, నల్లా కింద కడిగి, “శుభ్రంగా ఉంచుతున్నాం” అని మురిసిపోతాం.

ఇక వరి మడి. మిర్యాలగూడ ఆయకట్టు రైతు ఎవరైనా ఈ వాదన వింటే నవ్వుతాడు. ఎకరం మడిలో ఒక్క అంగుళం నీళ్లు నిలిస్తే లక్ష లీటర్లు దాటుతాయి. ఆ నీళ్లలో అమ్మోనియం ఎక్కడ దొరుకుతుందా అని వరి వేళ్లు కాచుకుని ఉంటాయి, మనం యూరియా చల్లేదే అందుకు. పై మడి నీళ్లు కింది మడికి దిగుతూనే ఉంటాయి. మనం మడి లోతు చూసి గిన్నె కొన్నాం, దాని వెడల్పు చూడలేదు.

మన నీళ్ల గుణం దీనికి తోడు. బోరు నీళ్లు ఎట్లుంటాయో నల్లగొండకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఫ్లోరైడ్ తీసే పద్ధతికే ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పడిన నేల ఇది. నీళ్లలో క్షారం, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషరూపం వాటా పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పోతే అది దాదాపు పది రెట్లు. 24 నుంచి 28 డిగ్రీల మధ్య హాయిగా ఉండే చేపను, మే నెలలో గదితోపాటే కాగే గిన్నెలో ఉంచుతున్నాం. పోనీ నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లు పోద్దామంటే అందులో క్లోరిన్. వెడల్పాటి బకెట్‌లో ఒక రోజు నిలబెట్టి పోస్తే సరిపోతుంది, కానీ ఆ ఒక్క రోజు ఓపిక ఎవరికుంది?

కనీసం 20 లీటర్ల తొట్టి ఉండాలి. వేళ్లు నీళ్లలోకి దిగేలా ఒక మనీప్లాంట్ తీగ, దూకిపోకుండా పైన గాలి ఆడే మూత. వారంలో రెండుసార్లు నాలుగో వంతు నీళ్లు తీసి, నిలబెట్టిన నీళ్లు పోయాలి. పూటకు రెండు మూడు గింజలు చాలు. (పండక్కి ఊరెళ్తూ గుప్పెడు గింజలు ఒకేసారి పోసి వెళ్లేవాళ్లున్నారు. వాళ్ల గురించి ఇక్కడ రాస్తే నోరు పారేసుకోవాల్సి వస్తుంది.) అప్పుడు ఫిల్టర్ లేకపోయినా నడుస్తుంది. మనిషి లేకపోతే నడవదు.

పాత నీళ్లు తీసి కొత్త నీళ్లు పెట్టే ఆ మనిషికి మన ఊళ్లలో ఒక పేరుండేది: నీరటి. తూము ఎత్తేది, దించేది, ఏ మడికి ఎంత పారాలో చూసేది, కట్టకు బుంగ పడితే ముందు కనిపెట్టేది అతనే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పుణ్యాన చెరువుల పూడిక తీశాం. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులని లెక్క కూడా కట్టాం. పూడికకు బిల్లుంది, ఫోటో ఉంది, శిలాఫలకం ఉంది. ఆ తర్వాత తూము దగ్గర నిలబడాల్సింది ఎవరు? కాల్వల మీద నీళ్లు చూసుకునే లష్కర్లు ఎందరు మిగిలారో చివరి ఆయకట్టు రైతునడిగితే చెబుతాడు. కట్టడానికి టెండర్ పిలుస్తాం, కట్టినదాన్ని చూసుకునే మనిషి జీతం దగ్గరికొచ్చేసరికి “ఏం అక్కర్లేదు” అంటాం. దుకాణంలో విన్న మాటే ఇది, చెప్పేవాళ్లే వేరు.

పట్టణాల అంచున చెరువుల్ని చూడండి. వానా నీళ్లు తెచ్చే కాల్వలు ప్లాట్లయ్యాయి, మోరీలు మాత్రం తప్పకుండా వచ్చి చేరుతున్నాయి. అలుగు పారి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఎండాకాలం ఓ పొద్దున చేపలు తెల్లగా తేలితే ఎవరో విషం కలిపారని పుకారు పుడుతుంది. అన్నిసార్లూ ఎవరో వచ్చి కలపనక్కర్లేదు. లోనికి వచ్చేదే తప్ప బయటికి పోయేది లేని నీళ్లు చెరువులో ఉన్నా, టీవీ పక్కన ఉన్నా తమ విషం తామే కాచుకుంటాయి.

మా ఇంట్లో తొట్టికి నీరటి మా చిన్నది. మొన్న బుధవారం దానికి పరీక్ష, నాకు ఈ వ్యాసం. గురువారం పొద్దున చూస్తే ఫైటర్ ఓ మూల నక్కి ఉంది, గింజ వేసినా పైకి రాలేదు. లేపి అడిగితే “నువ్వు పొయ్యలేదా నాన్నా?” అంది. బకెట్, మగ్గు తెచ్చుకుని ముందు నాలుగో వంతు తోడాను.