కనెక్షన్ మూయబోమని మనవి

కోడ్‌లో డేటాబేస్‌కు, అంటే లెక్కలు దాచుకునే చోటుకు, కనెక్షన్ తెరిస్తే, పని కాగానే మూసేయాలని కొందరు గోల చేస్తున్నారు. నల్లగొండ జిల్లా ప్రోగ్రామర్ల తరఫున దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

యాసంగి వడ్లు దిగే రోజుల్లో మిర్యాలగూడలోని ఓ రైస్ మిల్లులో కాంటా కంప్యూటర్ ఆగిపోయింది. బయట ట్రాక్టర్ల బారు. లోపల తెర మీద ‘టూ మెనీ కనెక్షన్స్’.

“ఏమైంది తమ్మీ?” అన్నాడు సేటు.

“కనెక్షన్లు ఎక్కువైనయ్ సేటూ.”

“ఎక్కువైతే మంచిదే గదా, ఆగుడెందుకు?”

సేటు మాటలో న్యాయం ఉంది. మనం సెట్టింగ్ మార్చకపోతే, మిల్లు డేటాబేస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ ఒకేసారి 151 కనెక్షన్లకే ఒప్పుకుంటుంది. మన కోడేమో ఒక్కో తూకానికి ఒక్కో కొత్త కనెక్షన్ తెరుస్తుంది, మూయదు. పూల్, అంటే తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు, పెట్టుకుంటే పది కనెక్షన్లనే తిప్పి తిప్పి వాడుకోవచ్చట. పిసినారితనానికైనా హద్దుండాలి.

పైగా మూయని కనెక్షన్ ఊరికే ఉందనుకోకండి, డ్యూటీలో ఉంది. ఏ పనీ చేయని కనెక్షన్‌ను తెంచే ముందు మైఎస్‌క్యూఎల్ 28,800 సెకన్లు ఆగుతుంది. అంటే సరిగ్గా 8 గంటలు. సర్కారు ఆఫీసులో కుర్చీకి వేసిన తువ్వాలు తప్ప అంత నిక్కచ్చిగా డ్యూటీ చేసేది ఇంకోటి నేను చూడలేదు.

151 నిండిపోయినా, అడ్మిన్ వచ్చి సర్దడానికి ఒక సీటు అదనంగా ఉంటుంది. కోడ్ రాసిన మన తమ్ముడు ప్రోగ్రామ్‌కు కూడా అన్ని అధికారాలున్న రూట్ యూజర్‌నే ఇచ్చాడు. పాస్‌వర్డ్ కోడ్‌లోనే ఉంది: మిల్లు పేరు, పక్కన 123. దాంతో ఆ సీటు కూడా వడ్ల తూకానికే పోయింది. అడ్మిన్ గేటు బయట.

ఇక క్వెరీలు, అంటే ఎస్‌క్యూఎల్ అనే భాషలో డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాలు. రైతు పేరు అన్న డబ్బాలో ఏం టైప్ చేస్తే అది నేరుగా ఎస్‌క్యూఎల్‌లో అతికించేస్తాం. అలా కాదు, ఆ చోట ప్రశ్నార్థకం పెట్టి పేరును విడిగా పంపండి, అప్పుడు డేటాబేస్ దాన్ని ఆదేశం అనుకోకుండా పేరుగానే చూస్తుంది అంటారు పెద్దలు. అంటే మన రైతుల్ని అనుమానించమనా? డబ్బాలో ఒక కొటేషన్ గుర్తు, ‘ఆర్ 1=1’, చివర రెండు గీతలు, ఒక ఖాళీ కొడితే ఊరందరి లెక్కలూ బయటపడతాయి, నిజమే. పారదర్శకత కావాలని అడిగింది మీరే కదా.

క్లోజ్ అని ఒక్క లైను రాసే బదులు, గంటకోసారి సర్వర్ రీస్టార్ట్ చేసే మనిషిని పెట్టుకుంటే ఒక కుటుంబానికి ఉపాధి. సేటు ఒప్పుకున్నాడు. సీజన్ అయ్యేదాకా నైట్ డ్యూటీకి ఇంకొకరు కావాలట.