రెండో ఎకరం అమ్మకముందే చెప్పాలి

రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను లెక్కపెట్టి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎటు పోతుందో చెప్పే పరీక్షను కార్పొరేట్ ఆసుపత్రుల సోకుగా కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. అది అందరికంటే ముందు కావలసింది పరకాల, భూపాలపల్లి రైతుకు.

ఎందుకంటే ఇక్కడ కీమో ఖర్చును గుంటల్లో కొలుస్తారు. ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. తోడు వచ్చినవాళ్ల తిండి, గది కిరాయి, పోయిన కైకిలి ఎవరిస్తారు? మా మేనమామ దగ్గుకు ఆరు నెలలు టీబీ మందులే వాడించారు. క్యాన్సర్ అని తేలాక రెండు నెలలు కీమో ఎక్కించి, స్కాన్ తీసి, మందు పట్టలేదన్నారు. అప్పటికే చెరువు కింది ఎకరం చెయ్యి దాటింది.

ఆ జవాబు మొదటి విడతకే వచ్చి ఉండేదేమో. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ప్రధానంగా రెండు రకాలు. వాటిలో చిన్న కణాల రకం (స్మాల్ సెల్) మీద బ్రిటన్‌లోని మాంచెస్టర్ పరిశోధకులు 2012లో ప్రచురించిన లెక్క చూడండి. 7.5 మిల్లీలీటర్ల రక్తం, అంటే చెంచాన్నర. అందులో 50 క్యాన్సర్ కణాలకు తక్కువ ఉన్నవాళ్లలో సగం మంది 11.5 నెలలు దాటి బతికారు. 50, ఆపైన ఉన్నవాళ్లకు ఆ మధ్యస్థ ఆయుష్షు 5.4 నెలలే. ఒక్క విడత కీమో తర్వాత కణాల సంఖ్యలో వచ్చిన మార్పు కూడా ముందున్న దారి చెప్పింది. ఎక్కువమందికి వచ్చే రెండో రకంలో కణాలు అంత సులువుగా దొరకవు, అక్కడ కణితి నుంచి రక్తంలోకి రాలిన డీఎన్ఏను పట్టే పరీక్ష అక్కరకొస్తుంది.

తెలిసి ఏం లాభం అంటారు. రొమ్ము క్యాన్సర్‌లో కణాలు తగ్గనివాళ్లకు వెంటనే మందు మార్చినా ఆయుష్షు పెరగలేదని 2014లో అమెరికా ట్రయల్ తేల్చింది, నిజమే. కానీ పొలం అమ్మాలా వద్దా అన్నది ఆ ట్రయల్ అడిగిన ప్రశ్న కాదు.

దూరమూ సాకు కాదు. ఈ పరీక్షకు వాడే ప్రత్యేక ట్యూబులో రక్తం నాలుగు రోజులు నిలుస్తుంది. వరంగల్‌లో తీసిన నమూనా ఏ మహానగరానికైనా చేరుతుంది, మనిషి కదలక్కర్లేదు.

అసలు అడ్డం మరొకటి. రోగికి నిజం చెప్పే అలవాటే మనకు లేదు. డాక్టర్ తలుపు బయట కొడుకును పిలిచి గుసగుసగా చెబుతాడు, కొడుకు లోపలికొచ్చి నవ్వుతాడు. "ఈ సూది పనిచేస్తున్నదా, అల్లుడా?" అని మామ ప్రతిసారీ నన్నే అడిగేవాడు. టీబీ ముదిరింది, తగ్గుతుందిలే అని చెప్పాను. ఎకరం రిజిస్ట్రేషన్ కాగితం మీద వేలిముద్ర వేసింది మాత్రం ఆయనే.