క్యాసెట్టు పోయింది, ఫంక్షన్ మిగిలింది

ఈ మధ్య ఫేస్‌బుక్‌లో ఎక్కడ చూసినా క్యాసెట్టు షాపుల మీద కన్నీళ్లే. మూసేసిన షట్టరు ఫొటో ఒకటి, దాని కింద ‘ఆ రోజులే వేరు’ అని ఒక ముక్క, ఆ ముక్క కింద బారులు తీరిన ఏడుపు బొమ్మలు. ఇంతమంది అభిమానులున్న వ్యాపారం ఎలా మూతపడిందో అర్థం కాక, ఏడుస్తున్న మిత్రుల్లో కొందరిని నేరుగానే అడిగాను: నువ్వు డబ్బిచ్చి కొన్న ఒరిజినల్ క్యాసెట్టు ఒక్కటి చెప్పు. చాలామందికి వయసు మీద పడి జ్ఞాపకశక్తి తగ్గినట్టుంది. ఒకాయన మాత్రం నిజం ఒప్పుకున్నాడు. “కొనడమా? మా బావమరిది దగ్గర తెచ్చుకునేవాణ్ణి.” బావమరిదిని వాకబు చేస్తే, ఆయన రికార్డింగ్ సెంటర్లో చేయించుకునేవాడట.

కాబట్టి ముందు రికార్డింగ్ సెంటర్‌కు దక్కాల్సిన గౌరవం దక్కాలి. అమెరికాలో 1999లో నాప్‌స్టర్ అనేదొకటి పుట్టి, పాటలు ఊరికే పంచుకోవచ్చని లోకానికి చూపించిందనీ, దాంతో మ్యూజిక్ కంపెనీల గుండెల్లో రాయి పడిందనీ చరిత్ర రాసేవాళ్లు రాస్తున్నారు. తెలుగువాడికి జరిగిన అన్యాయాల్లో దీన్ని కూడా చేర్చుకోవాలి. నాప్‌స్టర్ కుర్రాడు పలక పట్టకముందే మన ఊళ్లలో ఈ పని బహిరంగంగా, బోర్డు పెట్టి మరీ జరిగింది. ‘ఇచ్చట మీకు నచ్చిన పాటలు రికార్డింగ్ చేయబడును.’ పసుపు మీద ఎర్ర అక్షరాలు. కాపీ కొట్టడానికి బోర్డు రాయించి, దసరాకి ఆ బోర్డుకి దండ వేసి, టేప్ రికార్డర్‌కి బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టిన జాతి మనది. అమెరికావాడు అదే పని చేసి కోర్టు మెట్లెక్కాడు. వాడికి ముహూర్తబలం లేదు.

పద్ధతి ఇదీ. లిస్టు రాసుకుని వెళ్లాలి. 60 క్యాసెట్టయితే ఒక్కో వైపు అరగంట, 90 అయితే ముప్పావుగంట. షాపతను లిస్టు అందుకుని ముందు మన అభిరుచికి వైద్యం చేసేవాడు. “ఈ పాట ఎవరూ చేయించుకోవట్లేదండీ. దీని బదులు ఇంకోటి వేస్తా, విని చెప్పండి.” వేసేవాడు కూడా. సాయంత్రం ఇస్తానన్న క్యాసెట్టు శుక్రవారం చేతికొచ్చేది. అట్ట మీద స్కెచ్ పెన్నుతో గుండ్రటి చేతిరాత, పల్లవుల్లో మొదటి రెండేసి మాటలు, కింద షాపు స్టాంపు. ప్రతి సైడులోనూ చివరి పాట రెండో చరణం మధ్యలో టప్పున తెగిపోయేది. మేమంతా ఆ పాట అక్కడికే అనుకున్నాం. తర్వాతెప్పుడో యూట్యూబ్‌లో అది పూర్తిగా వినపడితే, ఎవరో పనిలేనివాడు తోక తగిలించాడనిపించింది.

ఖాళీ క్యాసెట్టుకు కూడా డబ్బు దండగ అనుకునేవాళ్లకు ఇంకో దారి ఉండేది. కొన్న క్యాసెట్టు మీద పొరపాటున మళ్లీ రికార్డు కాకుండా వెనకవైపు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉండేవి కావు. ఆ ఖాళీల మీద సెల్లో టేపు అంటిస్తే ఏ క్యాసెట్టయినా కొత్తదే. ఈ రకంగా ఎన్ని ఇళ్లలో బామ్మల భక్తి క్యాసెట్లు పునర్జన్మ ఎత్తాయో లెక్కలేదు. మా వీధిలో ఒక ఇంట్లో మాస్ పాట అయిపోగానే, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేకుండా, ఫలశ్రుతి వచ్చేది. బామ్మగారు దానికోసమే కాచుకుని కూర్చునేవారు.

ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్టును తెచ్చినప్పుడు ఆఫీసుల్లో మాటలు రికార్డు చేసుకోవడానికి పనికొస్తుంది అనుకున్నారట. మనమేమిటో వాళ్లకు తెలియదు.

అంటే ఒరిజినల్ క్యాసెట్లు అమ్మిన షాపులే లేవా అంటే, ఉన్నాయి. వాటి యజమానుల ఓర్పు ముందు భూదేవి కూడా దిగదుడుపే. కొత్త సినిమా పాటలు రాగానే షాపు బయట పెద్ద స్పీకరు పెట్టి పొద్దున్నుంచి రాత్రిదాకా మోగించేవారు, వినపడితే జనం వచ్చి కొంటారని. వినపడ్డాక ఇంక కొనడమెందుకని జనం ఆగిపోయారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, టీ కొట్టు బెంచీ మీదవాళ్లు, ఎదురింటి టెన్త్ పరీక్షల పిల్లాడు, అందరికీ నాలుగో రోజుకే చరణాలతో సహా కంఠతా. వ్యాపారం పెరిగింది పక్కన టీ కొట్టుకి.

ఇక మన సినిమా పరిశ్రమ ఈ షాపులకు చేసిన సేవ. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ప్రపంచంలో ఇంకెవరికీ ఇది చేతకాలేదు. క్యాసెట్లు అమ్ముడుపోయిన రోజుల్లో ఆడియో రిలీజ్ అంటే ఒక హోటల్ హాల్లో నలుగురు పెద్దమనుషులు, కాఫీ, బిస్కట్లు, పేపర్లో మూడు లైన్ల వార్త. ‘తొలి క్యాసెట్టును ఫలానావారు ఆవిష్కరించి ఫలానావారికి అందజేశారు.’ అమ్మకాలు తగ్గేకొద్దీ ఫంక్షన్ పెరిగింది. క్యాసెట్టు పోయి సీడీ వచ్చేసరికి మాదాపూర్ శిల్పకళావేదిక చాలలేదు. బయట పాసుల కోసం తొక్కిసలాట, లోపల ఈలలు, యాంకరు, లేజర్ లైట్లు, హీరోగారి తాతగారి మీద ‘ఏవీ’ అనే పొగడ్తల వీడియో. ఇంత చేసి అర్ధరాత్రి దగ్గరపడ్డాక ముఖ్య అతిథి ఒక పెద్ద రంగుకాగితాల పెట్టె చింపి, అందులోంచి ఒక సీడీ తీసి, పక్కనున్న పెద్దాయనకిచ్చేవారు. ఆయన దాన్ని కెమెరాల వైపు తిప్పి పట్టుకునేవారు. ఆ సీడీ వేసుకునే ప్లేయరు స్టేజి మీదున్న ఎవరింట్లోనైనా పనిచేస్తోందని నేను అనుకోను. మర్నాడు షాపుకెళ్లి అడిగితే “ఇంకా స్టాకు రాలేదండీ” అనేవాడు. షాపు కూడా లేకపోతే అసలు ఏ ఇబ్బందీ లేదు.

అంతటితో ఆగారా? ప్లాటినం డిస్క్ ఫంక్షన్ అని రెండోది పెట్టారు. లెక్కప్రకారం అది ఇన్ని ప్రతులు అమ్ముడయ్యాయని ఇచ్చే గౌరవం. మనవాళ్లు ఆ లెక్కల జంజాటం తీసేసి గౌరవాన్ని మాత్రం ఉంచుకున్నారు. ఊళ్లో ఒక్కో క్యాసెట్టు షాపు ఫ్యాన్సీ స్టోరుగా మారిపోతూ ఉంటే, హైదరాబాద్‌లో స్టేజి మీద అద్దాల ఫ్రేములు పంచుతూనే ఉన్నారు. హీరోకి, డైరెక్టరుకి, కెమెరామన్‌కి, ఫైట్ మాస్టరుకి. షాపువాడికి మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు, పాపం. ఇచ్చినా పెట్టుకోవడానికి గోడ మిగల్లేదనుకోండి. ఇప్పుడు పాటలు ఒక్కొక్కటిగా లిరికల్ వీడియోలుగా వచ్చేస్తున్నాయి, కనుక ఆడియో ఫంక్షన్ అవసరం ఉండకూడదు. దాన్ని ప్రీ-రిలీజ్ ఈవెంట్ అని పేరు మార్చి జిల్లాలకు తీసుకెళ్లారు.

వీడియో లైబ్రరీల సంగతి కొంచెం వేరు. 1982 ఏషియాడ్ పుణ్యమా అని కలర్ టీవీ వచ్చింది, గల్ఫ్ నుంచి దిగినవాళ్ల అట్టపెట్టెల్లో వీసీఆర్లు వచ్చాయి. రాత్రికి వీసీఆరూ, నాలుగు క్యాసెట్లూ అద్దెకు తెస్తే వీధి వీధంతా తెల్లారేదాకా ఒకే హాల్లో. నాలుగో సినిమాకి మెలకువగా ఉండేది వీసీఆర్‌తో పాటు వచ్చిన కుర్రాడొక్కడే, అది వాడి డ్యూటీ కాబట్టి. వీటికి చట్టప్రకారం హక్కులు ఎవరిచ్చారని అడగకండి. ఊళ్లో థియేటర్లవాళ్లు అప్పట్లో అడిగారు, ఎవరూ జవాబు చెప్పలేదు. మా లైబ్రరీ యజమాని (ఊరూ పేరూ వద్దు, వాళ్లబ్బాయి ఇప్పుడు మాకు ఇంటర్‌నెట్ ఇస్తున్నాడు) రీవైండ్ చేయకుండా తెచ్చిన క్యాసెట్టుకి జరిమానా వేసేవాడు. ఆయనిచ్చిన క్యాసెట్టు మాత్రం ఎప్పుడూ క్లైమాక్స్‌లోనే మొదలయ్యేది. విలన్ ఎవరో ముందే తెలిసిపోయాక, మొదటికి తిప్పి చూస్తే వాడు చేసే ప్రతి మంచిపనీ అనుమానంగానే ఉండేది.

అమెరికా వెళ్లిన మనవాళ్లు ఈ సంస్థను అక్కడ ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు పక్కన ప్రతిష్ఠించుకున్నారు. పసుపు ప్యాకెట్టు, కరివేపాకు, మొన్న రిలీజైన సినిమా, మూడూ ఒకే బిల్లులో. ఆ క్యాసెట్టు పెట్టె తెరిస్తే ఇంగువ వాసన వచ్చేదని చుట్టాలు చెబుతారు. ఇప్పటి ఓటీటీల్లో ఎన్ని పిక్సెళ్లున్నా ఆ ఏర్పాటు లేదు.

నగరాల్లో ఏసీ షాపులు కొన్నాళ్లు మెరిశాయి. ప్లానెట్ ఎం, మ్యూజిక్ వరల్డ్. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎంతసేపైనా వినొచ్చు. మే నెలలో మన యువత సంగీతానికి ఎంత దగ్గరైందో ఆ షాపుల సేల్స్‌మన్లను అడగాలి. మ్యూజిక్ వరల్డ్ 2013లో మూతపడింది. మధ్యలో మోజర్ బేర్ అనే కంపెనీ ఒక సాహసం చేసింది. 28 రూపాయలకే సినిమా వీసీడీ, 34కే డీవీడీ, అదీ ఒరిజినల్! ఫుట్‌పాత్ మీద దొంగ సీడీ కూడా అంతే. పైగా దొంగ సీడీలో బోనస్ ఉండేది: తెర ముందు నుంచి ఎవడో పాప్‌కార్న్‌తో నడిచెళ్లే నీడ, వెనక సీట్లో పిల్లాడి ఏడుపు. ఒరిజినల్ ఇంత చవకగా వస్తోందంటే ఇందులో ఏదో మోసం ఉందని మనవాళ్లు సందేహించారు. 2018లో ఆ కంపెనీని అప్పుల కింద లిక్విడేషన్‌కు పంపారు.

క్యాసెట్టు షాపతను మాత్రం ఊరికే చచ్చిపోలేదు. ముందు సీడీలు రైట్ చేశాడు. తర్వాత ‘మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును’ అన్నాడు. రెండు జీబీ కార్డు నిండా పాటలు, యాభై రూపాయలు. ఏ పాటలు కావాలని అడగడం మానేశాడు, “పాతవా, కొత్తవా, మిక్సా?” అంటే చాలు. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ, లోకంలో వీసీఆర్లు తయారుచేస్తున్న ఆఖరి కంపెనీ, 2016 జూలైలో ఆ పని మానేసింది. సెప్టెంబరులో జియో వచ్చింది. నెలల తరబడి డేటా ఉచితం. యాభై రూపాయల వ్యాపారం కూడా ఆ దెబ్బతో సరి. షాపతను ఇప్పుడు ఫోన్లకు టెంపర్డ్ గ్లాసులు వేస్తున్నాడు. ఆ ఫోన్లో పాట మోగుతుంటే తల ఊపుతాడు కానీ ఏ సినిమాదో చెప్పడు. అడిగితే కదా.

షాపుల్ని మింగిన యాప్‌ల ఆయుష్షు కూడా గట్టిదేం కాదు. గానా 2022లో ‘ఇక ఊరికే వినడం కుదరదు, చందా కట్టండి’ అంది. వింక్ 2024లో మూతపడింది. మనం ప్రేమగా దాచుకున్న ప్లేలిస్టులు అందులోనే పోయాయి. వాటికి ఏడుపు బొమ్మలు పెట్టినవాళ్లు నాకు కనపడలేదు. ఫొటో తీయడానికి షట్టరైనా ఉండాలిగా.

ఈలోగా లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మీద హెచ్ఎంవీ షాపు, మన తాతలు కుక్కబొమ్మ రికార్డులని పిలుచుకున్న ఆ పేరే, 1921 నాటిది, 2019లో మూసేసి 2023లో మళ్లీ తెరిచారు. ధరల సూచీ లెక్కగట్టే బుట్టలోకి బ్రిటన్ గణాంకాలవాళ్లు 2024లో వినైల్ రికార్డుల్ని తిరిగి చేర్చారు. ఆ వార్త చూసి మన దగ్గరా కదలిక వచ్చింది. కాఫీ షాపుల గోడలకు ఎల్పీలు మేకులు కొట్టి వేలాడదీశారు. ఆడించడానికి కాదు లెండి.

ఈ వ్యాపారంలో ఇంకా ఊపిరితో ఉన్న శాఖ ఒక్కటే, పెళ్లి క్యాసెట్లది. మన బీరువాల్లో పట్టుచీరల కింద వీహెచ్ఎస్ పెళ్లి క్యాసెట్లు ఇంకా ఉన్నాయి, అవి ఆడించే వీసీఆర్‌లే లేవు. పాత వీడియో షాపులు కొన్ని ‘పెళ్లి క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి మార్చబడును’ అని బోర్డు తిప్పి రాయించుకున్నాయి. మొన్న అలాంటి ఒక షాపులో ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. షాపతను వాళ్ల క్యాసెట్టును చిన్న టీవీలో ముందుకీ వెనక్కీ తిప్పి చూసి పెదవి విరిచాడు.

“ఫంగస్ పట్టిందండీ. ఎదురుకోలు, జీలకర్ర బెల్లం, తాళి కట్టడం, ఇవేవీ రావు. గీతలే.”

“అయితే వద్దులే, దండగ” అన్నాడు పెద్దాయన, లేవబోతూ.

“ఆడపడుచు కట్నం దగ్గర గొడవైంది, అదుందా బాబూ?” అని అడిగిందావిడ.

“ఎప్పుడమ్మా అది?”

“భోజనాలయ్యాక. ఈయన వేలు చూపిస్తూ మా నాన్నను ఏదో అంటుంటారు.”

అతను ముందుకు తిప్పాడు. “ఆఁ, ఇదిగో. అద్దంలా ఉందమ్మా. మాట కూడా క్లియర్‌గా వస్తోంది.”

పెద్దాయన కుర్చీలో మళ్లీ కూలబడ్డాడు. ఆవిడ బేరమైనా ఆడకుండా పర్సులోంచి ఐదొందల నోటు తీసి బల్ల మీద పెట్టింది.

“రెండు కాపీలు చెయ్యి. ఒకటి మా చెల్లెలికి.”