బ్యాంకాక్‌కు ఎందుకు వెళ్ళానంటే

తెలుగునాట నలభై దాటిన మగవాడు "బ్యాంకాక్ వెళ్ళొచ్చాను" అన్నాడంటే ఎదుటివాడి పెదవి ఒక పక్కకు వంగుతుంది. కాశీ వెళ్ళొస్తే గంగాజలం అడుగుతారు, తిరుపతి వెళ్ళొస్తే లడ్డూ అడుగుతారు. బ్యాంకాక్ వెళ్ళొస్తే ఏమీ అడగరు, భుజం తట్టి వెళ్ళిపోతారు. నేను వెళ్ళింది మాత్రం దయ్యాల గృహవసతి మీద అధ్యయనానికి. ఈ మాట ఇంట్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, ఆఖరికి ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చిన క్యాబ్ డ్రైవర్‌కు కూడా చెప్పాను. అతనూ అద్దంలోంచి అదే నవ్వు నవ్వాడు. అందుకే ఈ నివేదికను ప్రజల ముందు పెట్టక తప్పడం లేదు.

థాయ్‌లాండ్‌లో స్థలం ఎవరి పేరున రిజిస్టరైనా, అసలు యజమాని వేరే ఉంటాడు. ఆయన పేరు ఫ్రా ఫూమ్. 'ఫూమ్' అంటే మన భూమే. ఆ నేలను కాచుకుని ఉండే దేవత. మనం పునాది తవ్వగానే ఆయన నిర్వాసితుడైపోతాడు. కాబట్టి ఇల్లు కట్టుకునేవాడు ఆయనకూ ఒక ఇల్లు కట్టించాలి. ఒంటి స్తంభం మీద బుల్లి గుడిలా ఉంటుంది. లోపల బుల్లి ఏనుగులు, గుర్రాలు, పనివాళ్ళు, నాట్యకత్తెలు. పక్కనే చాలాచోట్ల నాలుగు కాళ్ళ మీద ఇంకో ఇల్లు కనిపిస్తుంది. అది ఆ చోట ముందునుంచీ ఉంటున్న పెద్దల ఆత్మలకు. ఎక్కడ పెట్టాలో, ఏ ముహూర్తానికి పెట్టాలో తెలిసిన పురోహితుడు చెబుతాడు. అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన: మనిషి ఇంటి నీడ దేవత ఇంటి మీద పడకూడదు.

ఇక్కడ నేను కాసేపు ఆగి నోట్‌బుక్ తీశాను. ప్రాజెక్టు కింద ఊరు మునిగినవాళ్ళు ఆర్ అండ్ ఆర్ (పునరావాస) ప్యాకేజీ కోసం ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కుతారో, ఎన్ని ఎన్నికలు దాటుతాయో మనకు తెలుసు. అక్కడ నిర్వాసితుడికి అదే సర్వే నంబర్లో, కాంపౌండ్ లోపలే, ఎండా వెలుతురూ తగిలేచోట ఇల్లు. రోజూ భోజనం. పూలు. ధర్నా లేదు, కోర్టు స్టే లేదు. అర్హత ఒక్కటే, ముందు చచ్చిపోయి ఉండాలి.

ఇళ్ళకే కాదు, బ్యాంకులకు, పెట్రోలు బంకులకు, పెద్ద పెద్ద మాళ్ళకు కూడా ఈ చిన్న ఇళ్ళుంటాయి. భోజనం పక్కన తప్పకుండా కనిపించేది ఎర్ర ఫాంటా. ఒకప్పటి బలి రక్తానికి బదులుగా ఆ రంగు వచ్చిందని చెబుతారు. మనం గుమ్మడికాయకు కుంకుమ పూసి పగలగొట్టి సరిపెట్టుకున్నాం, వాళ్ళు స్ట్రాబెర్రీ ఫ్లేవర్‌తో సరిపెట్టుకున్నారు. నా మనసు దోచింది ఫాంటా కాదు, అందులోని స్ట్రా. మూత తీసి, స్ట్రా వేసి మరీ పెడతారు. మరి సీసా మూతతోనే పెడితే దేవత ఏం చేయాలి, పళ్ళతో పీక్కోవాలా? ప్రభుత్వ పథకాలు రూపొందించే ఐఏఎస్ అధికారులను ఈ స్ట్రా దగ్గర ఒక పూట కూర్చోబెట్టాలని నా సిఫారసు.

ఇల్లు పాతబడితే చెత్తలో పారేయరు. ఊళ్ళో ఏదో పెద్ద చెట్టు కిందకు చేరుస్తారు. అలాంటి చెట్టు ఒకటి చూశాను. రంగు వెలిసినవి, కప్పు విరిగినవి, ఓ ముప్పై ఇళ్ళు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. పథకం ఎంత గొప్పదైనా చివరికి బస్తీ తప్పదన్నమాట. కొన్నిచోట్ల రోడ్డు మలుపుల్లో ఆత్మలకు కానుకగా పెట్టిన జీబ్రా బొమ్మలు బారులు తీరి ఉంటాయి. ప్రమాదాలు జరిగే మలుపు, జీబ్రా క్రాసింగ్, కాబట్టి జీబ్రాలు అని ఒక వివరణ చెబుతారు. ఇంతకన్నా సూటిగా ఆలోచించే ట్రాఫిక్ విభాగాన్ని నేనెక్కడా చూడలేదు.

ఇక ఎరావన్ దగ్గరకు వస్తాను. ఎరావన్ అంటే మన ఐరావతమే. 1950ల్లో బ్యాంకాక్ నడిబొడ్డున, రాట్చప్రసోంగ్ కూడలిలో ప్రభుత్వం ఆ పేరుతో హోటల్ కడుతుంటే అన్నీ అవాంతరాలే. కూలీలకు దెబ్బలు, పెరిగిపోయిన ఖర్చులు, పాలరాయి తెస్తున్న ఓడ మునిగిపోయిందని ఒక కథ. మనమైతే విచారణ సంఘం వేసి, దాని గడువు పొడిగిస్తూ పోతాం. వాళ్ళు జ్యోతిష్కుణ్ణి పిలిచారు. ముహూర్తం తప్పింది, బ్రహ్మదేవుడికి గుడి కట్టండి అన్నాడాయన. 1956లో కట్టారు. పనులు సాగాయట. 1980ల చివర్లో ఆ హోటల్‌నే కూల్చి ఇంకోటి కట్టారు, బ్రహ్మ మాత్రం కదల్లేదు.

మన దగ్గర బ్రహ్మ పరిస్థితి తెలిసిందే. శాపం తగిలి పూజకు నోచుకోలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలులాంటి ఏ కొద్దిచోట్లో తప్ప గుడి లేదు. అదే దేవుడు అక్కడ మెట్రో పట్టాల నీడన, మాళ్ళ నడుమ, నాలుగు ముఖాలకూ నాలుగు వైపులా భక్తులతో, బంతిపూల దండల్లో మునిగిపోయి ఉన్నాడు. "ఇక్కడుంటే ఏముందిరా, ఫారిన్ వెళ్తేనే బాగుపడతావు" అని మన తల్లిదండ్రులు చెప్పే మాటకు ఇంతకుమించిన రుజువు నాకు దొరకలేదు.

మొక్కుల్లోనూ వాళ్ళ పద్ధతి వేరు. 'బొన్' అంటే మొక్కు కట్టడం, 'కే బొన్' అంటే ఆ ముడి విప్పుకోవడం. కోరిక తీరాక విప్పుకోకపోతే అనర్థమని గట్టి నమ్మకం. ఎరావన్‌లో గుండు కొట్టించుకోవాల్సిన పనిలేదు, పొర్లుదండాలు అక్కర్లేదు. డబ్బు కడితే కిరీటాలు పెట్టుకున్న నర్తకులు మీ తరఫున నాట్యం చేస్తారు. ఇద్దరా, నలుగురా, ఎనిమిదిమందా అన్నదాన్ని బట్టి రేటు. మీరు ముందు మోకరిల్లి కూర్చుంటే చాలు. చచెంగ్‌సావ్‌లోని సోతోన్ బుద్ధుడికైతే ఉడికించిన కోడిగుడ్లు, వందల లెక్కన. బుద్ధుడికి గుడ్లతో ఏం పని అన్న ప్రశ్న నా అధ్యయన పరిధిలోకి రాదు.

అందరికన్నా నాకు నచ్చింది నాక్ అమ్మగారు. ప్రసవంలో చనిపోయి, యుద్ధానికి వెళ్ళిన మొగుడి కోసం దయ్యమై ఇంట్లోనే ఎదురుచూసిన ఇల్లాలు. వాట్ మహాబుత్ అనే గుడి ఆవరణలో ఆమెకు మందిరం ఉంది. చీరలకు బదులు థాయ్ దుస్తులు, బిడ్డకు బొమ్మలు, ఆమెకు తోచుబడికి టీవీ కూడా పెట్టారు. అక్కడ ప్రతి ఏప్రిల్‌లో కుర్రాళ్ళు సైన్యం కోసం చీటీ తీయాలి. ఎర్రచీటీ వస్తే బ్యారక్స్‌కు, నల్లచీటీ వస్తే ఇంటికి. నల్లచీటీ కోసం నాక్ అమ్మగారికి మొక్కుతారు. సైన్యంలో చేర్చమని మాత్రం ఎవరూ అడగరు. మొగుణ్ణి సైన్యం ఎత్తుకుపోయిన మనిషిని అలా అడగడానికి మొహం చెల్లదు కదా. దయ్యానికి కూడా ఒక బాధ ఉంటుందని, దాన్ని గుర్తుపెట్టుకుని అర్జీ రాయాలని ఎంత మర్యాద!

అయితే ఈ మర్యాదలో చిన్న మోసం కూడా ఉంది. పసిబిడ్డల మీద ఆత్మల కన్ను పడకుండా ముద్దుపేర్లు పందిపిల్ల, రొయ్య అని పెట్టే ఆచారం పాతది. మన పెంటయ్యలు, పుల్లయ్యలు పుట్టిందీ ఈ భయంతోనే. ఇప్పుడు అక్కడ బెంజ్, గోల్ఫ్, బ్యాంక్ అని పెడుతున్నారు. బ్యాంక్ అనే పేరు విని ఆత్మలు పారిపోతాయంటే వాటికీ ఈఎంఐలు ఉన్నట్టే.

వచ్చేముందు రోజు ఎరావన్‌లో నేనూ ఒక మొక్కు మొక్కాను. "స్వామీ, నేను దయ్యాల కోసమే వచ్చానని మా ఆవిడ నమ్మితే, నలుగురు నర్తకులతో నాట్యం చేయిస్తాను" అని. మొన్న ఈ నివేదిక చిత్తుప్రతి చదివి, స్ట్రా దగ్గర ఆగి, "సరే, నిజమే చెప్తున్నట్టున్నారు" అంది.

బ్రహ్మ మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు నేను మళ్ళీ బ్యాంకాక్ వెళ్ళాలి, నలుగురు ఆడవాళ్ళకు డబ్బు కట్టి డాన్స్ చేయించాలి. ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను.