యూనిట్స్ డైలాగ్ బాక్స్ గారికి ఓ డ్రాఫ్ట్స్‌మన్ మొర

మహారాజశ్రీ యూనిట్స్ డైలాగ్ బాక్స్ గారి సముఖానికి,

ఇళ్ళ ప్లాన్లు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో యూఎన్ అని కొట్టి ఎంటర్ నొక్కగానే కొలతల సెట్టింగుల పెట్టెగా ప్రత్యక్షమవుతారు కదా, రోజుకి పదిసార్లు మీ దర్శనం చేసుకునేవాణ్ణి నేనే. కొత్తల్లో మీరంటే ఎంత నమ్మకమంటే, టైప్‌లో డెసిమల్ పెట్టి, కింద లిస్టులో మిల్లీమీటర్స్ ఎంచుకుని ఓకే కొట్టేసి, డ్రాయింగ్ మొత్తం మిల్లీమీటర్లలోకి మారిపోయిందనుకుని హాయిగా టీకి పోయేవాణ్ణి. వచ్చి చూస్తే 30 అడుగుల గోడ ఇంకా పాత అంగుళాల లెక్కలోనే 360 అని కూర్చునుంది. 9144 రావాలి కదండీ అంటే మీరు ఉలకరు పలకరు. తర్వాతెప్పుడో మా సీనియర్ చెప్పాడు, "ఆయన మార్చేది వేషమేరా, ఒళ్ళు కాదు, ఒళ్ళు మారాలంటే స్కేల్ కమాండ్‌లో 25.4 ఇచ్చుకో" అని. ఆ ముక్క మీ మొహమ్మీదే ఓ లైన్ రాసుకుంటే మీ సొమ్మేం పోయేదండీ?

మీ లిస్టు మాత్రం అమోఘం. పరమాణువుల్ని కొలిచే ఆంగ్‌స్ట్రామ్ ఉంది, నక్షత్రాల దూరాలు కొలిచే లైట్ ఇయర్ ఉంది, పార్సెక్ కూడా ఉంది. 200 గజాల సైట్‌లో, అంటే 30 బై 60లో ఇల్లేసుకునే మనిషికి సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్ల లైట్ ఇయర్ దేనికండీ, ఇంటి చుట్టూ సెట్‌బ్యాక్ జాగా వదలడానికా? మూర లేదు, జాన లేదు, బెత్తెడు లేదు. యార్డ్ ఉందిగా అంటారేమో, అది పొడుగు కొలిచే గజం, మావాళ్ళు రేటు మాట్లాడుకునేది 9 చదరపు అడుగుల గజంతో. సెంట్లు, గుంటల ఊసు ఇక ఎత్తను.

ఇన్సర్షన్ స్కేల్ అని ఇంకోటి పెట్టారు, బయట్నుంచి తెచ్చిన బ్లాక్‌ని, అంటే తలుపూ కిటికీల్లాంటి రెడీమేడ్ బొమ్మని, మన కొలతకి తగ్గట్టు సర్దుతుందట. సర్దుతుంది, కాదన్ను, కానీ ఆ ఫైల్‌లో యూనిట్‌లెస్ అనుంటే, అంటే ఊరూపేరూ లేకుండా వస్తే, ఆప్షన్స్‌లో ఎక్కడో మూలనున్న డిఫాల్ట్‌ని పట్టుకుని మీరే ఓ జాతకం రాసేస్తారు. నేను తెచ్చిన 900 మిల్లీమీటర్ల తలుపుని అలాగే 900 అంగుళాలు చేశారు. అంటే 75 అడుగులు. సైట్ లోతే 60! ఇంటాయన పక్కనే కుర్చీలో ఉన్నాడు, తలుపు ప్లాన్ దాటి పక్క ప్లాట్‌లోకి తెరుచుకుంటుంటే నేను జూమ్ అవుట్ చేస్తూ పోయాను.

ఇంక డ్రాయింగ్ మీద కొలతల అంకెలు ఎలా రాయాలో చూసుకునే డైమెన్షన్ స్టైల్. మీరూ ఆవిడా ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్ళు. మీ దగ్గర ఆర్కిటెక్చరల్, అంటే అడుగులూ అంగుళాల పద్ధతి, పెడితే ఆవిడకి తెలీదు, ఆవిడ ప్రైమరీ యూనిట్స్‌కి వెళ్ళి మళ్ళీ విడిగా బతిమాలుకోవాలి. అక్షరాల ఎత్తు 0.18 అంగుళం, 60 అడుగుల ఇంట్లో చీమ తలకాయంత, ఓవరాల్ స్కేల్ 48 పెడితే తప్ప కంటికి ఆనదు. అదీ నయమే, కనపడకపోతే ఎవరైనా ఫోన్ చేసి అడుగుతారు, కనపడి అబద్ధం చెప్తేనే చిక్కు.

ఆవిడ దగ్గర నా ప్రెసిషన్, అంటే కొలతని ఎంత సూక్ష్మంగా రాయాలో చెప్పే సెట్టింగ్, పూర్తి అంగుళాల్లో ఉంది. వరసగా మూడు గదులు, ఒక్కోటి 10 అడుగుల 4 3/8 అంగుళాలు (ఆ 3/8 ఎక్కణ్ణుంచి వచ్చిందంటే గీతని సరైన బిందువుకి పట్టి ఉంచే స్నాప్ ఆపేసి కంటి అంచనాతో గీశాను, అది నా పాపమే), 9 అంగుళాల గోడలు నాలుగు. ఆవిడ గదుల్ని 10 అడుగుల 4 అని గుండు చేసి, మొత్తం దగ్గరకొచ్చేసరికి 34 అడుగుల 1 అని రాసింది. లోపల లెక్క 34 అడుగుల 1 1/8 కాబట్టి ఆవిడ తప్పేం లేదట! మా మేస్త్రికి ప్రెసిషన్ తెలీదు, కూడికలు తెలుసు. సున్నం గోడమీద పెన్సిల్‌తో కూడి నాకు ఫోన్ చేశాడు. "సార్, మొత్తం 34 ఫీట్ల ఒక ఇంచి అని రాసినవ్, నేను కూడితే 34ఏ వస్తుంది, ఆ ఇంచి ఎవలింట్ల వడ్డది?"

ఇంచి మీ దగ్గరేమైనా ఉంటే దయచేసి తిరిగి పంపగలరు.

ఇట్లు,
రోజూ మీకు ఓకే కొట్టే డ్రాఫ్ట్స్‌మన్

తా.క. పంపక్కర్లేదు. మేస్త్రి ప్లాస్టరింగ్‌లో కలిపేశాడట. ఇంటాయనకి మాత్రం చెప్పకండి.